ఐదున్నరకే చీకటి పడే దీవికి ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేడమ్, నా వయసు 44. ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. పందొమ్మిదేళ్ళుగా పిల్లల చేత ఇండియా పటంలో అండమాన్ చుక్కలు పెట్టిస్తున్నాను. టెన్ డిగ్రీ ఛానెల్, ఇందిరా పాయింట్, బారెన్ ఐలాండ్ అన్నీ కంఠతా వచ్చు. ఒక్క చుక్క మీద కూడా కాలు పెట్టలేదు. సంక్రాంతి అయ్యాక, జనవరి చివర్లో, నా సీఎల్స్, ఆదివారం కలుపుకుంటే ఆరు రోజులు దొరుకుతాయి. ఒక్కదాన్నే వెళ్ళాలని ఉంది. ఎందుకు ఒక్కదాన్నే అంటే సరైన జవాబు నా దగ్గర లేదు. మా వారు మంచివారే. "ఎండాకాలం సెలవుల్లో అందరం కలిసి పోదాం కదా" అంటారు. ఆ ఎండాకాలం ఐదేళ్ళుగా రాలేదు. మా అత్తగారైతే "మొగుడితో ఏమన్నా లొల్లి అయిందా?" అని అడిగారు. నాకు ఈత రాదు. హిందీ సీరియల్ అర్థమయ్యేంత వచ్చు. మాంసం, చేప తినను. యాభై వేలు దాచుకున్నాను. సరిపోతాయా? ఆడమనిషి ఒక్కతే అక్కడ ఉండగలదా? నెలసరి కూడా ఆ రోజుల్లోనే వచ్చేలా ఉంది. చివరగా ఒక పిచ్చి ప్రశ్న, ఒక్కదాన్నే వెళ్తే ఫొటోలు ఎవరు తీస్తారు?
(పేరు వద్దు, ఖమ్మం జిల్లా)

జవాబు: టీచర్ గారూ, "ఎందుకు ఒక్కదాన్నే అంటే జవాబు లేదు" అని రాశారు. ఉండనక్కర్లేదు. మా ఇంట్లో మగవాళ్ళు ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తామంటే ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఎప్పుడొస్తావు, ఏ బండికి వస్తావు, అంతే. మీరూ ఈ రెండో రకం ప్రశ్నలకే జవాబులు సిద్ధం చేసుకోండి. అండమాన్ ప్రయాణంలో ఎక్కడికి అన్నదానికంటే ఎప్పటికి అన్నదే ముఖ్యం. అదెలాగో చెప్పడానికి ముందు నా కథ ఒకటి చెప్తాను.

నేను మొదటిసారి అండమాన్‌లోని హేవలాక్ దీవికి వెళ్ళినప్పుడు నాకు 49 ఏళ్ళు. ఒక్కదాన్నే. ఈత అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. డిసెంబరు నెల. పొద్దున బోటుకు టికెట్ దొరక్క మధ్యాహ్నం బోటు ఎక్కాను. అది ఆలస్యంగా బయల్దేరింది. జెట్టీలో దిగేసరికి పావు తక్కువ ఐదు. అక్కడ వరసలో నిలబడి, ఆటో మాట్లాడుకుని, గది ఉన్న చోటికి చేరేసరికి కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. టైము ఐదున్నరే. నేను ఫోనులో ఫొటోలు చూసి ముచ్చటపడి తీసుకున్న గుడిసె కొబ్బరితోటలో అన్నిటికంటే చివర ఉంది. కుర్రాడు టార్చి పట్టుకుని తీసుకెళ్ళి, తాళం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. లోపలి గడియ వదులు. ఉన్న ఒక్క కుర్చీని తలుపుకి ఆనించి, దాని మీద స్టీలు నీళ్ళ సీసా పెట్టాను, ఎవరైనా తోస్తే కింద పడి మోగుతుందని.

తొమ్మిదింటికి మొదలైంది. ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆగుతుంది. నేను ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ మొదలవుతుంది. ఒకసారి కిటికీ వైపు, ఒకసారి తలుపు వైపు. మధ్యలో ధబ్‌మని ఏదో పడిన శబ్దం. మా అమ్మాయికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. తెల్లవార్లూ మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నాను. ఐదూ ముప్పావుకి వెలుగొచ్చాక తలుపు తీస్తే, గుడిసె చుట్టూ ఇసుకలో కుట్టుమిషను మీద కుట్టినట్టు సన్నటి గీతలు. వాటి చివర గోళీకాయంత దగ్గర్నుంచి నిమ్మకాయంత దాకా శంఖాలు, గవ్వలు వీపున మోసుకుని తిరిగే పీతలు. రాత్రంతా నన్ను కాపలా కాసింది అవే. ధబ్‌మన్నది రాలిన కొబ్బరికాయ.

ఆ రాత్రి నేను భయపడిన మనిషి అసలు లేడు. కానీ తప్పు జరిగిందనేది నిజం. చీకటి పడ్డాక కొత్త ఊళ్ళో దిగాను, గదిని వెలుతురులో చూడలేదు, గడియ సంగతి ముందే అడగలేదు. మీకు చెప్పబోయేవన్నీ ఈ మూడు తప్పుల చుట్టూనే తిరుగుతాయి.

మీరు సోషల్ టీచర్ కాబట్టి ఇది చిటికెలో అర్థమవుతుంది. మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది. పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 93 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేసుకోండి. దాదాపు ముప్పావుగంట తేడా వస్తుంది. జనవరి చివర్లో హైదరాబాద్‌లో ఆరూ పది దాటాక పొద్దు గూకుతుంటే, అక్కడ ఐదూ ఇరవైకే అయిపోతుంది. డిసెంబరులో ఐదింటికే. ఆరింటికి ఊరు సద్దుమణుగుతుంది. కాబట్టి మీ రోజుని అక్కడి సూర్యుడి లెక్కన మార్చుకోండి. పొద్దున ఐదింటికి లేవండి (స్కూలు రోజుల్లో ఎలాగూ లేస్తారు), నాలుగున్నరకల్లా ఆ రోజు తిరుగుడు ముగించే దారిలో ఉండండి, రాత్రి ఎనిమిదికి పడుకోండి. నా లెక్కన ఒంటరి ఆడవాళ్ళకి అక్కడ భద్రతలో సగం ఇదే.

ఇప్పుడు ఆరు రోజుల సంగతి. జనవరి 26 ఉన్న వారం మాత్రం వద్దు. సెలవు జనం, విమానం రేట్లు ఆకాశంలో ఉంటాయి. అది దాటాక బయల్దేరండి. వానలు వెనకబడి, సముద్రం నెమ్మదించి, నీళ్ళు తేటగా ఉండే రోజులు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు రెండున్నర గంటల ప్రయాణం. దొరక్కపోతే చెన్నై మీదుగా వెళ్ళొచ్చు. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలున్నాయి గానీ మూడు రోజుల దాకా పడుతుంది. మీ సెలవంతా నీళ్ళ మీదే అయిపోతుంది.

టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడకండి. హేవలాక్‌కి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అని పేరు. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్‌బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. నేతాజీ 1943 డిసెంబరు 30న అక్కడ జెండా ఎగరేసి దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టిన కథ మీకు నేను చెప్పాలా? ఆటోవాళ్ళు మాత్రం ఇంకా హేవలాక్ అనే అంటారు, నేనూ అదే అంటాను.

మొదటి రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, గదిలో సామాను పెట్టి, సెల్యులార్ జైలు చూడండి. తొందరపడకుండా చూడండి. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి మధ్యలో ఒక బురుజు, చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు బారులు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక బారు ముందువైపు ఇంకో బారు వీపుకి ఎదురుగా వచ్చేలా కట్టారు, ఒక ఖైదీ ముఖం ఇంకో ఖైదీకి కనపడకుండా. మన్యంలో అల్లూరి వెంట నడిచినవాళ్ళలో పట్టుబడినవారిని కూడా ఇక్కడికి పంపారు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో ఉంటుంది. చీకట్లో తిరగొద్దని చెప్పి ఇదేంటి అంటారేమో. అక్కడ కుటుంబాలు కిటకిటలాడుతుంటాయి, బయట ఆటోలు బారులు తీరి ఉంటాయి, గది ఆ దగ్గర్లోనే తీసుకుంటే చాలు.

రెండో రోజు పొద్దున బోటుకే హేవలాక్. పొద్దున అంటే ఏడు, ఎనిమిది గంటల ప్రాంతం. నాలాగా మధ్యాహ్నం బోటు ఎక్కకండి. మాక్రజ్, నాటికా లాంటి ప్రైవేటు ఫెర్రీలు గంటన్నరలో చేరుస్తాయి. టికెట్లు నెల ముందు ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక, నిదానం. బయట డెక్ మీద నిలబడనిస్తారు, అది నాకిష్టం, కానీ సీట్లు ముందు స్థానికులకే వెళ్తాయి, అది న్యాయం కూడా. ఈ రెంటికీ ఎక్కే రేవులు వేరు వేరు. ఆటో ఎక్కేముందు టికెట్ మీద ఫీనిక్స్ బే అని ఉందో, హడ్డో అని ఉందో చూసి చెప్పండి. ఒరిజినల్ ఆధార్ చేతిసంచిలో ఉంచుకోండి. బోటుకి అరగంట ముందు వాంతి మాత్ర వేసుకోండి, ఏమీ తినకుండా ఎక్కకండి. "నాకు బస్సులో పడుతుంది, పడవలో పడదా" అనుకుని నేను ఇడ్లీలన్నీ సముద్రానికి సమర్పించాను.

హేవలాక్‌లో మూడు రాత్రులు. ఐదో రోజు మధ్యాహ్నంలోగా తిరిగి పోర్ట్‌బ్లెయిర్. ఆరో రోజు విమానం. విమానం రోజునే పొద్దున బోటెక్కి నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్దామని ట్రావెల్ ఏజెంట్ అంటే ఒప్పుకోవద్దు. గాలి పెరిగితే బోట్లు ఆపేస్తారు. సముద్రానికి మీ సీఎల్స్ సంగతి తెలియదు.

నీల్ కూడా చూడొచ్చు కదా, రాస్ కూడా, నార్త్ బే కూడా అంటారు అందరూ. నీల్‌లో ఊళ్ళ పేర్లు రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు రామాయణాన్ని దీవంతా పరిచారు. చిన్న దీవి, చాలా నెమ్మది. నాకైతే హేవలాక్ కంటే అదే ఇష్టం. అయినా మీకు మొదటిసారి కాబట్టి ఒక్క దీవే చెప్తున్నాను. హేవలాక్‌లో జనం ఉంటారు, ఒంటరిగా వచ్చిన అమ్మాయిలు పది మంది కనిపిస్తారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, పోలీస్ స్టేషన్ ఉంది. రోజుకో దీవి అని పెట్టుకుంటే మీకు గుర్తుండేవి జెట్టీలు, లగేజీ వరసలే. ఇందిరా పాయింట్‌ని పటంలోనే ఉంచండి. అది గ్రేట్ నికోబార్ కొసన, ఐదొందల కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. నికోబార్‌కి పాసు కావాలి, దానికి మీ ఆరు రోజులు చాలవు.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు టూరు అమ్మడానికి ప్రతి హోటల్లో ఒకరు ఉంటారు. ఆ దారి జార్వా అనే ఆదిమ తెగవాళ్ళ అడవిలోంచి పోతుంది. వాహనాలు బారుగా, కాన్వాయ్‌గా వదులుతారు. మధ్యలో ఆపకూడదు, ఫొటోలు తీయకూడదు, 1956 నాటి రక్షణ నిబంధనలున్నాయి. గుహల పేరు చెప్పి చాలామంది చూడ్డానికి వెళ్ళేది మనుషుల్ని. క్లాసులో ఆదిమ తెగల పాఠం చెప్పే మీరు ఆ బస్సు ఎక్కకపోతే బావుంటుందని నా అభిప్రాయం. ఇంతకు మించి ఒత్తిడి చేయను.

గది గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. హేవలాక్‌లో బీచ్‌లకి నంబర్లుంటాయి. మూడో నంబరు దగ్గర బజారు, గోవింద్‌నగర్. ఐదో నంబరు విజయ్‌నగర్ వైపు. ఈ మూడుకీ ఐదుకీ మధ్య, మెయిన్ రోడ్డుని ఆనుకుని ఉన్న చోటు చూడండి. అందమైన ఏకాంతం కోసం రాధానగర్ వైపు అడవిలో గది తీసుకోకండి, అది రెండో ప్రయాణానికి. ఈమధ్య ఆరు నెలల్లో ఆడవాళ్ళు రాసిన రివ్యూలు మాత్రమే చదవండి. తర్వాత ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. ఒక్కదాన్నే వస్తున్నానని చెప్పి అడగండి: రిసెప్షన్‌కి దగ్గరగా ఉన్న గది ఇస్తారా, దారిలో లైట్లున్నాయా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, లోపలి గడియ గట్టిదేనా, రాత్రి ఎవరు ఉంటారు. ఈ ప్రశ్నలకి విసుక్కున్న చోట దిగొద్దు. "మా ఆవిడ ఇక్కడే ఉంటుంది, మీరేం భయపడకండి" అన్నచోట, అక్కడ ఏసీ లేకపోయినా సరే, దిగండి. చేరగానే పెట్టె విప్పకముందే గడియ వేసి చూడండి, బాత్రూం కిటికీ చూడండి. నచ్చకపోతే ఇంకా వెలుతురుంది కదా, గది మార్చమనండి. పొద్దున బోటుకి వెళ్ళమన్నది ఇందుకే.

రాధానగర్ బీచ్‌కి అందరూ వెళ్ళేది సూర్యాస్తమయానికి. ఏడో నంబరు బీచ్ అదే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసిన దగ్గర్నుంచి దానికి పేరు పెరిగింది, ఆ పేరుకి తగ్గట్టే ఉంటుంది కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, జెట్టీ వైపు నుంచి అది పది, పన్నెండు కిలోమీటర్లు. పొద్దు గూకిన పది నిమిషాలకి అందరూ ఒక్కసారే లేస్తారు, ఉన్న ఆటోలన్నీ ముందే మాట్లాడుకున్నవై ఉంటాయి, మీరు చీకట్లో చెట్ల కింద నిలబడతారు. అందుకని మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేటప్పుడే రానుపోను మాట్లాడుకోండి. వచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. ఆటో నంబరు ఫొటో తీసి, అతనికి కనపడేలాగే మీ వారికి పంపండి. నేనైతే ఇంకో పని చేశాను. ఒక సాయంత్రం మాత్రమే సూర్యాస్తమయానికి వెళ్ళి, మర్నాడు పొద్దున ఆరున్నరకి మళ్ళీ వెళ్ళాను. అంత పొడుగు తీరంలో ఆరుగురం ఉన్నాం, కుక్కలతో కలిపి. ఆ పొద్దున కోసమే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.

స్కూటీ నడపడం వస్తే అద్దెకి దొరుకుతుంది, ఒరిజినల్ లైసెన్సు కావాలి. ఇచ్చేటప్పుడే బండి గీతల్ని వీడియో తీసుకోండి. చీకటి పడ్డాక మాత్రం నడపొద్దు.

మగవాళ్ళ గురించి కంటే సముద్రం గురించి ఎక్కువ భయపడమంటాను. మీకు ఈత రాదు. అయితే నడుము దాటి దిగొద్దు. అదీ లైఫ్‌గార్డు ఉన్న చోట, నలుగురు స్నానం చేస్తున్న చోట. ఒంటరి తీరం ఎంత ముద్దుగా కనిపించినా పాదాలు తడుపుకుని వచ్చేయండి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవి పక్కన, వాగు వచ్చి సముద్రంలో కలిసేచోట, సంధ్య వేళ నీళ్ళలోకి వెళ్ళకండి. కాటన్ చుడీదార్, చున్నీతో నీళ్ళలో దిగకండి. తడిస్తే మణుగు బరువై కాళ్ళకి చుట్టుకుంటుంది. లెగ్గింగ్, పొడుగు చేతుల టీషర్టు హాయి. ఇసుక ఈగలు కుడతాయి, గోకితే వారం రోజులు బాధ పెడతాయి. కొబ్బరినూనె రాసుకుని, తువ్వాలు పరుచుకుని కూర్చోండి.

ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చు. నమ్మబుద్ధి కాదు, నాకూ కాలేదు. మొదటిసారి వాళ్ళకి చేయించే డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి మీ సిలిండర్ పట్టుకునే ఉంటారు, మీరు ఊపిరి పీల్చడం తప్ప చేసేదేమీ లేదు. మహిళా ఇన్‌స్ట్రక్టర్ కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి, చాలాచోట్ల ఉన్నారు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఇన్ఫెక్షన్ ఉంటే ఫారంలో దాచకండి, జలుబుంటే ఆ రోజుకి మానేయండి. ఒకే ఒక్క జాగ్రత్త. నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే "బావుంది" అని కాదు, "నన్ను పైకి తీసుకెళ్ళు" అని అర్థం. నేను రంగురంగుల చేపని చూసి మురిసిపోయి బొటనవేలు ఎత్తాను, పాపం ఆ అమ్మాయి నన్ను పైకి లాక్కొచ్చేసింది. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి, అది బావుందని. డైవ్ చేశాక కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. మూడో రోజుకో, నాలుగో రోజుకో పెట్టుకుంటే ఆ దిగులుండదు.

స్కూల్లో చూపించడానికి గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవాలని మీ చెయ్యి లాగుతుంది. వద్దు. చట్టం ఒప్పుకోదు, చచ్చిన పగడమైనా సరే ఎయిర్‌పోర్టులో ఆపుతారు. అదీగాక ఆ గవ్వలు నా పీతల ఇళ్ళు. పిల్లలకి ఏమైనా తేవాలంటే పోర్ట్‌బ్లెయిర్‌లో సాగరిక అని ప్రభుత్వ ఎంపోరియం ఉంది, బిల్లుతో కొనండి.

ఇక మనుషులు. అక్కడ మీరనుకున్నంత పరాయితనం ఉండదు. 2011 లెక్కల్లో ఆ దీవుల జనాభాలో దాదాపు 13 శాతం తెలుగువాళ్ళే. పోర్ట్‌బ్లెయిర్ బజార్లో కూరగాయల దగ్గర నిలబడితే శ్రీకాకుళం యాస వినపడుతుంది. హేవలాక్‌లో బెంగాలీలు ఎక్కువ, మీ సీరియల్ హిందీ చాలు. "మీ ఆయన రాలేదా?" అని మాత్రం అందరూ అడుగుతారు, ఎక్కువమంది మంచితనంతోనే. రిసెప్షన్లో ఆంటీ అడిగితే నిజం చెప్పండి. ఆటోలో మగమనిషి రెండోసారి అడిగితే "సాయంత్రం బోటుకి వస్తున్నారు" అనండి. ఇలాంటి అబద్ధానికి నేను ఏ దేవుడికీ లెంపలు వేసుకోలేదు. గది నంబరు పైకి చదవొద్దని రిసెప్షన్లో చెప్పండి. ఏ బీచ్‌లో ఉన్నారో ఆ ఫొటో అక్కడి నుంచి వచ్చేశాకే స్టేటస్‌లో పెట్టండి. 112 పోలీసుకి, 181 మహిళల హెల్ప్‌లైన్‌కి, అక్కడా ఇవే నంబర్లు.

తిండికి ఇబ్బంది లేదు. పప్పు, అన్నం, కూర ప్రతిచోటా దొరుకుతుంది, "చేప కూడా వద్దు" అని విడిగా చెప్పండి, బెంగాలీ వంటింట్లో చేపని శాకాహారం కింద జమకట్టే చమత్కారులు ఉంటారు. ఒక డబ్బాలో కారప్పొడి, నెయ్యి వేసుకెళ్ళండి.

డబ్బు సంగతి: విమానం రానుపోను పదహారు నుంచి ఇరవై వేలు, ఫెర్రీలు మూడున్నర, ఐదు రాత్రుల గదులు పద్నాలుగు, తిండి, ఆటోలు కలిపి ఎనిమిది, స్కూబా నాలుగైదు. యాభై వేలు బొటాబొటి. బోటు ఆగితే ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సి వస్తుంది కనుక ఇంకో ఎనిమిది వేలు విడిగా పెట్టుకోండి, లేదా స్కూబా మానేయండి (మానొద్దు). 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ మెరుగైంది గానీ, హేవలాక్‌లో ఇప్పటికీ ఫోన్‌పే తిరుగుతూనే ఉండే వేళలు ఉంటాయి. పది వేలు నగదు రెండు చోట్ల దాచి పెట్టుకోండి.

నెలసరి వస్తే రానివ్వండి. మీరు వాడే ప్యాడ్లు సరిపడా తీసుకెళ్ళండి, దీవిలో మీ రకం దొరక్కపోవచ్చు. కప్పు గానీ టాంపాన్ గానీ అలవాటుంటే నీళ్ళలోకీ దిగొచ్చు, డైవ్ కూడా చేయొచ్చు. అలవాటు లేకపోతే అక్కడ మొదలుపెట్టకండి, రెండు నెలల ముందు ఇంట్లో ప్రయత్నించండి. వాయిదా మాత్రలు మాత్రం మందుల షాపులో అడిగి వేసుకోవద్దు, డాక్టరుని అడగండి.

ఇంట్లో చెప్పడం గురించి మీరు ప్రశ్న అడగలేదు, కానీ ఉత్తరంలో సగం అదే ఉంది. మీ వారితో "వెళ్ళొచ్చా?" అని మొదలుపెట్టకండి. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే బాధ్యత ఆయన మీద పడుతుంది, భయంతో కాదంటారు. ఒక కాగితం మీద తేదీ, విమానం, బోటు టైము, గది ఫోను నంబరు రాసి ఇవ్వండి. రోజుకి రెండుసార్లు, పొద్దున ఏడింటికి, సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తానని చెప్పండి. సిగ్నల్ లేకపోతే మర్నాడు పొద్దున దాకా కంగారు పడకూడదని కూడా అప్పుడే మాట తీసుకోండి. లేకపోతే మా ఇంట్లోలాగా మరిది పోలీసులకి ఫోన్ చేసేదాకా వెళ్తుంది. ఎండాకాలం అందరితో వెళ్ళే ప్రయాణానికీ దీనికీ పోటీ పెట్టకండి. "అదీ వెళ్దాం, ఇది నాది" అంటే సరిపోతుంది. అత్తగారు లొల్లి సంగతి మళ్ళీ అడిగితే, "లొల్లి అయితే ఇరవై కేజీల పెట్టెతో పోతానా అత్తమ్మా, ఏడు కేజీల సంచితో పోతున్నా" అనండి. నవ్వినా నవ్వుతారు. ఆవిడ వయసులో ఆవిడ ఎక్కడికైనా ఒక్కతే వెళ్ళిందేమో కూడా అడిగి చూడండి. మా అత్తగారిని అడిగితే, పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒక్కతే బస్సెక్కి భద్రాచలం వెళ్ళొచ్చిన కథ నలభై ఏళ్ళ తర్వాత బయటికొచ్చింది.

ఒక్క పని మాత్రం చేయకండి. ఆరు రోజులకీ సరిపడా దోసెల పిండి రుబ్బి, పచ్చళ్ళు కలిపి, డబ్బాల మీద వారాలు రాసి పెట్టి వెళ్ళకండి. నేను చేశాను. తిరిగొచ్చేసరికి పిండి పులిసి ఫ్రిజ్‌లో అలాగే ఉంది, వాళ్ళు ఆరు రోజులూ బయట బిర్యానీ తిని సుఖంగా ఉన్నారు.

ఫొటోల ప్రశ్న పిచ్చిదేం కాదు, నేనూ దాని గురించే ఎక్కువ ఆలోచించాను. చిన్న స్టాండు కొనుక్కెళ్ళాను, మొదటి రోజే గాలికి పడి ఇసుక పట్టి విరిగింది. తర్వాత ఒక కిటుకు దొరికింది. సెల్ఫీ కోసం తంటాలు పడుతున్న కుటుంబం దగ్గరికి వెళ్ళి, నేను తీసిపెడతానని మీరే అడగండి. వాళ్ళందరినీ ఓపిగ్గా నాలుగు తీయండి. ఐదోది మీకు వాళ్ళే తీస్తారు. ఆ ప్రయాణంలో నేనున్న ఫొటోలు మొత్తం నాలుగే. ఒకటి ఏడేళ్ళ పాప తీసింది. అందులో సముద్రం ఏటవాలుగా ఉంది, నా తల సగమే వచ్చింది, కాళ్ళ దగ్గర ఒక పీత పూర్తిగా పడింది. మా ఫ్రిజ్ తలుపు మీద ఉన్నది అదే.